వాసాలు లేని ఇంటికి దేవదారు దండ

చెల్లీ మారెట్,

తార్తు పట్నంలో నేను వేళకు తింటున్నాను, దిగులుపడకు. నా పిరెట్ పోయేముందు గీసిన చెక్క ఇల్లు నిన్న లేచి నిలబడింది. గదులన్నీ కార్ఖానాలోనే కిటికీలతో సహా తయారై లారీల మీద వచ్చాయి. క్రేను నాలుగు రోజుల్లో ముప్పై కుటుంబాలకు ఇల్లు పేర్చేసింది. కావాలంటే విప్పి ఇంకో వీధికి పట్టుకుపోవచ్చట. నా కూతురి బుర్ర చూశావా!

వాసాలెక్కే రోజు కదా, మన పద్ధతిలో వాటికి కట్టాలని నేను దేవదారు కొమ్మల దండ అల్లి తీసుకెళ్ళాను. మేస్త్రి పకపకా నవ్వాడు. "ఈ ఇంటికి వాసాలెక్కడివమ్మా? దండ నా మెడలో వేస్తావా ఏంటి?"

పిరెట్ తల్లినని చెప్పాను. టోపీ తీసేశాడు. ఆఖరి గది నెత్తిన తనే దండ కట్టి పైకి లేపించాడు. అంత గదీ గాల్లో తేలుతూ వెళ్ళి, వెంట్రుక దూరే సందు లేకుండా తన చోట కూర్చుంది. "దండ దించాలంటే ఇంటివాళ్ళు బీరు పొయ్యాలమ్మా, మర్చిపోకు!" అని తనూ మీదికెక్కి పైనుంచి కేకేశాడు.

ఇంటివాళ్ళంటే నేనూ ఒకదాన్ని. కింది వాటా ఒకటి పిరెట్ నా పేరున రాయించింది. అది లేని ఇంట్లో ఉండనని ఇన్నాళ్ళూ మొండికేశాను.

నీ మోకాలు తగ్గిందా? ఆవు ఈనిందా? నువ్వు ఇంట్లో చేసే బార్లీ బీరు పట్టుకుని శనివారం బస్సుకి రా. దండ దిగాక నీ చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్తాను. పిల్లలు చల్లగా ఉండాలి.

నీ అక్క హెల్వే