నలభై ఒకటో ఫుట్‌నోట్

జూలై 9, 2002
మేడ్చల్‌ల సుధాకరన్న డి.టి.పి. సెంటర్‌కు పోయిన. వర్డ్‌ల నేను టైప్ చేసిన మా ఊరి చరిత్రను అన్న, అచ్చుకు పేజీలు కట్టే పేజ్‌మేకర్‌లకు ఎక్కించిండు. డెబ్బై పేజీలు మంచిగనే వచ్చినయి. నేను పెట్టిన అరవై నాలుగు ఫుట్‌నోట్లు మాత్రం ఏ పేజీ కిందా లేవు. అన్నీ పోయి చివర్ల, రేషన్ షాపు ముందర లైన్ కట్టినట్టు నిలవడ్డయి. గీ సాఫ్ట్‌వేర్ గంతే చెల్లె, తీసేద్దామా అన్నడు, కూరల కరివేపాకు తీసినట్టు.

వద్దన్న. ఎవరు ఏ మాట చెప్పిన్రో అండ్లనే ఉన్నది. పేరు, వయసు. తెలుగుల వీటిని పాదసూచికలంటరని కాలేజీల తెలుగు సారు చెప్పినప్పటి నుంచి ఆ మాట మీద నాకు మస్తు ప్రేమ. పేజీకి కూడ కాళ్ళుంటయి.

జూలై 12
ఒక్కో నోట్‌కు ఒక్కో డబ్బా గీసుడు, పేజీ అడుగున పెట్టుడు. ముప్పై అయినయి.

జూలై 13
అరవై నాలుగు. నీకు పిచ్చి గిట్ల ఉన్నదా అని సుధాకరన్న ఛాయ్ తెప్పించిండు.

జూలై 17
మా ఊరి దేవేందర్ పటేల్ వచ్చిండు. పుస్తకం అచ్చేయిస్తనని మాటిచ్చింది ఆయనే. వాళ్ళ తాత ఫొటో తెచ్చి, పెద్దకుంట సంగతి ఉన్న కాడ పెట్టుమన్నడు. పెట్టినం. ఫొటో రాంగనే వెనకున్న మ్యాటరంత ముందుకు జరిగింది. డబ్బాలు మాత్రం ఉన్న కాడనే ఉన్నయి. వజ్రమ్మవ్వ కుంట గురించి చెప్పిన మాట, బడి కట్టిన పేరా కింద పడ్డది.

పటేల్ సంబరపడ్డడు. మిషనే వద్దంటాంది గదా బిడ్డా, ఇడిసెయ్, గా సన్న అక్షరాలు ఎవడు చదువుతడు అన్నడు. నేను మళ్ళ జరుపుత అన్న. అప్పుడు గొంతు తగ్గించి, అన్నీ జరుపుకో, నలభై ఒకటి ఒక్కటి తీసెయ్ అన్నడు.

సన్న అక్షరాలు ఆయన చదివిండు.

అదే రోజు, సాయంత్రం 6
నలభై ఒకటి ఇది. పైన నా వాక్యం: ‘పెద్దకుంటను దేవేందర్ పటేల్ తాత తవ్వించిండు.’ అడుగున: ‘ఆయన గొడుగు కింద నిలవడ్డడు. మట్టి మోసింది మేము. గట్టు కూలి నా పెనిమిటి అండ్లనే పోయిండు. వజ్రమ్మ, 78 ఏండ్లు.’

చాలా సేపు చూసిన. నిలవడ్డాయన పైన, పెద్దగ. చచ్చిపోయినాయన కింద, సన్నగ. ఆ అమరిక సాఫ్ట్‌వేర్ చేసింది కాదు. నేను చేసింది.

జూలై 18
ఇగ డబ్బాలు జరప. అడుగున ఉంటేనే గదా జారుడు. వర్డ్ ఫైల్ మళ్ళ తెరిచి, అరవై నాలుగింటిని పైకి తెచ్చి నా వాక్యాలల్ల కలుపుతున్న. కుంట పేరా ఇప్పుడు వజ్రమ్మవ్వ మాటతోనే మొదలైతది. గొడుగు ఆమె వెనక వస్తది.

జూలై 21
మళ్ళ ఎక్కించినం. ఒక్క మాట కూడ జారలె.

జూలై 22
పటేల్ చదివిండు. ఇది నేను అచ్చేయించ అన్నడు. పిల్లకు తెల్వకపోతే నీ తెలివేమైంది రా టైపోడా అని సుధాకరన్న మీద పడ్డడు. తిట్లు పడుడు నాకు పర్వాలేదు గని, నా వల్ల అన్న పడుడు చూసి పరేషాన్ అయిన.

ఆయన పోయినంక అన్న, ఇరవై ఏండ్ల సంది నన్ను ఎరిగినోడు టైపోడా అంటడా, నాకు పేరు లేదా అన్నడు. జిరాక్స్ మిషన్ నాది, కాగితం నువ్వు తెచ్చుకో అన్నడు.

ఆగస్టు 4
నూరు కాపీలు. మొదటిది వజ్రమ్మవ్వకు వాళ్ళ అరుగు మీద కూసొని చదివిన. కుంట కాడికి రాంగనే నా చెయ్యి పట్టి ఆపింది. గట్టు కింద ఇంకో ఇద్దరు పోయిన్రు బిడ్డా, నువ్వడిగిన నాడు యాదికి రాలె, ఈదమ్మ, గౌరయ్య, గీ పేర్లు రాయి అన్నది. పుస్తకం అయిపోయింది గదా అవ్వా అన్న.

అవ్వకు చదువు రాదు. పేజీ అడుగున తెల్లగున్న జాగ మీద వేలు పెట్టి, గిదంత ఎవలికి ఇడిసిపెట్టినవు అన్నది.

ఆగస్టు 5
నీలం పెన్ను. యాభై రెండో కాపీ దాంక వచ్చిన. ఈదమ్మ. గౌరయ్య.