చెవుల్లో దూది

శనివారం రాత్రి, ఫ్రిస్కో

నిన్న మళ్ళీ హాస్పిటల్ నుంచి ఇంటికి వచ్చాను. మొదటిసారి వెళ్ళింది పాప కోసం. ఈసారి పేషెంట్‌ని నేనే.

బీపీ పెరుగుతోందని డాక్టర్ నెలలు పూర్తిగా నిండకముందే డెలివరీ చేసింది. పాప పుట్టేసింది కాబట్టి గండం గడిచిందనుకున్నాం. కాన్పు తర్వాత కూడా బీపీ పెరగొచ్చని డిశ్చార్జి రోజు నర్సు చెప్పింది. నేను కార్ సీట్‌లో పాపకి బెల్టు సరిచేస్తూ తల ఊపాను.

సోమవారం తల పగిలిపోతుంటే అమ్మ, "బాలింతవి కదా, చల్లగాలి తగిలుంటది. ఆ ఏసీ తీసెయ్యమంటే వినరు," అంటూ చెవుల్లో దూది పెట్టి, తలకి స్కార్ఫ్ కట్టింది. కళ్ళ ముందు మెరుపులు కనిపిస్తున్నా నేనూ అదే నమ్మాను. మర్నాడు పొద్దున అమ్మ తన బీపీ చూసుకుంటుంటే ఊరికే నా చెయ్యి చాపాను. వచ్చిన అంకె చూసి, మిషన్ పాడైందేమోనని అమ్మ మళ్ళీ తన చేతికి కట్టి చూసుకుంది. మిషన్ బాగానే ఉంది. వెంటనే హాస్పిటల్‌కి వెళ్తే, బీపీ దిగేదాకా మూడు రోజులు ఉంచేశారు.

ఆ రోజు చెయ్యి చాపకపోయి ఉంటే...

ఇవాళ మన తెలుగు చర్చి వాళ్ళు వచ్చారు. పాప మీద చేతులుంచి ప్రార్థన చేసి, ఆమెన్ అని లేవబోయారు. అమ్మ లేవలేదు.

"పాపకి చేశారు కదండీ. ఇప్పుడు నా కూతురి కోసం చెయ్యండి," అంది.

అందరూ మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. అమ్మ పెదవులు కదలడం లేదు. మిషన్ పట్టీ చుట్టే చోట నా చెయ్యి గట్టిగా పట్టుకుని, ఆమెన్ అన్నాక కూడా వదల్లేదు.