ఎనిమిది మిల్లీమీటర్లు

చిరంజీవి అబ్బాయిని దీవించి అమ్మ రాయునది. ఇక్కడ నేను, కోడలు క్షేమం. నీ క్షేమం అడగను. పేపర్లో ఫొటో చూశాను, బుగ్గలు బాగానే నిండాయి.

'నా భార్య నీ దగ్గరే ఉందా?' అని అడిగావు. ఉంది. గుహ తవ్వకాల పనిలోంచి నువ్వు తనను తీసేయించిన రోజు నుంచి, ఏడు నెలలుగా నా దగ్గరే ఉంది. తెలిసే అడిగావు. 'నీ మీద అరుస్తోందా?' అని కూడా అడిగావు. ఈ ఇంట్లో అరవడం నీ ఒక్కడికే వచ్చు.

ఆ పిల్ల చేసిన నేరమేమిటి? వేల ఏళ్లనాటి మనిషి అడుగుల పక్కనున్నవి కుక్కవి కావు, తోడేలువి అంది. ఒక్క అడుగు పట్టుకుని తేల్చకూడదు, నడక చూడాలి అంది. కుక్క అటూ ఇటూ తిరుగుతూ పోతుంది, తోడేలు గీత గీసినట్టు పోతుంది, ఇక్కడ పదకొండు అడుగులూ ఒకే గీత మీదున్నాయి అంది. నువ్వేమో పదిమందిలో, "నీకు తోడేలంటే భయం, అందుకే ఎక్కడ చూసినా అదే కనిపిస్తోంది" అన్నావు. అందరూ నవ్వారట. మనిషి తొలి నేస్తాన్ని కనిపెట్టానంటూ ఇంట్లో నేస్తాన్ని కరిచావు. నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, చిన్నప్పటి నుంచీ అంతే.

ఇంకో ప్రశ్న, నువ్వు పంపిన కాగితం మీద సంతకం పెట్టానా అని. మ్యూజియంలో ముప్పై ఏళ్లు ప్లాస్టరు అచ్చులు పోసి, ఈ అడుగులకూ పోసిన నేను 'మట్టిలో ఉన్నది ఉన్నట్టే తీశాను' అని రాసిస్తే, సోమవారం తవ్వకాల సంఘం చేత కోడలి పేరు శాశ్వతంగా కొట్టేయిస్తావు. అమ్మ చేతి మీదుగానే! ఎంత తెలివిరా నీది.

పెట్టలేదు. అది అబద్ధం కాబట్టి.

పాదం గుండ్రంగా ఉంది కాబట్టి కుక్కే అని నువ్వు తేల్చిన ఆ నాలుగో అడుగు ఉంది చూడు. ప్లాస్టరు పోసి లేపితే మట్టి కూడా ఊడొచ్చింది, గుహలో ఇప్పుడు గుంట తప్ప ఏమీ లేదు. బల్ల మీద పెట్టి కడుగుతుంటే నడిమి రెండు వేళ్ల కొసలు ముందుకు పొడుచుకుని కనిపించాయి. పోత పొంగిందనుకుని కత్తితో చెక్కాను, గరుకు కాగితంతో రుద్దాను. తోడేలుకుండే పొడుగు పాదం కాస్తా గుండ్రమైంది. నువ్వు కొలిచింది నా కత్తి పనిని. కోడలు 'తోడేలు' అన్న రోజే నాకు అర్థమైంది. అయినా నోరు మూసుకున్నాను. ఊరంతా నా కొడుకును మెచ్చుకుంటుంటే ఆపడానికి మనసు రాలేదు. కాకిపిల్ల కాకికి ముద్దు. సిగ్గుగా ఉంది.

ఇంతవరకూ నిన్న పొద్దున రాశాను.

చెక్కే ముందు ప్రతి అచ్చుకూ ఒక నకలు తీసిపెట్టడం నా అలవాటు. నిన్న సాయంత్రం దాన్నీ, చెక్కిన అచ్చునూ బీరువాలోంచి తీసి, కోడలి ముందు పెట్టి, జరిగింది చెప్పాను. స్కేలు తెచ్చి రెండూ కొలిచింది.

"ఎనిమిది మిల్లీమీటర్లు తేడా, అత్తయ్యా" అంది. స్కేలు పక్కన పెట్టి, "ఇన్నాళ్లూ నా ఎదురుగా కూర్చుని ఎలా తినగలిగారండీ?" అంది.

ఈ ఉదయం ఆ నకలూ, నిజం రాసి నేను సంతకం పెట్టిన కాగితమూ తీసుకుని సంఘం దగ్గరకు బయల్దేరింది. బట్టల పెట్టె కూడా పట్టుకెళ్లింది. మళ్లీ వస్తావా అని అడిగే ముఖం నాకు లేదు.

పైన ఇద్దరం క్షేమమని రాసిన వాక్యం కొట్టేసి చదువుకో.

ఇట్లు,
నువ్వెవరి పోలికో ఇప్పటికి తెలుసుకున్న
మీ అమ్మ