పొంగిన గాజుపాత్ర

ప్రియమైన అక్కకు చెల్లెలు నమస్కరించి రాసేది. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ బాగున్నానని రాశావు గానీ, అడుగున బావ ఇరికించి రాసిన రెండు ముక్కలు చదివాక ఆ మాట నమ్మలేకపోయాను. నా మందు వచ్చేదాకా ఆపరేషన్ వద్దని భీష్మించుకు కూర్చున్నావట.

వేళకు తింటున్నానా అని అడిగావు. ఈస్ట్‌కి పెట్టి మరీ తింటున్నాను. రొట్టెల పిండిని పొంగించే ఈస్టే అది. అందులో ఒక చెట్టు జన్యువులు పెట్టి, ఆ చెట్టు బెరడులో దొరికే మందును దానిచేత చేయించడమే మా పని. మా ల్యాబ్ గదికి కిటికీ లేదు. గాజుపాత్రల్లోకి గాలి పోతూ గుడగుడమంటుంది. నాకది ఆఖరి రోజుల్లో అమ్మ ఊపిరిలా వినిపిస్తుంది, పట్టపగలు, పక్కన మనుషులుండగానే. ఒకసారి "అమ్మా" అని పలికేశాను కూడా. మా ల్యాబ్ నడిపే మేడమ్ పాత్ర మూత సరిచేసి వెళ్ళిపోయింది. అమ్మకొచ్చిన గడ్డే కదా నీకూ వచ్చింది. అమ్మ కూడా చూద్దాంలే, చూద్దాంలే అనే కదా ఆపరేషన్ వాయిదా వేసింది. నాకు భయంగా ఉందక్కా.

మందు తయారవుతోందని పోయిన ఉత్తరంలో గొప్పగా రాశాను. అప్పుడది నిజమే. ఈ ఈస్ట్‌ని కఠినంగా పెంచాలి. మేం పెట్టిన జన్యువులు ఉన్న కణాలే బతికేలా, తిండిలో ఒక పోషకం లేకుండా చేసి కడుపు మాడ్చాలి; ఆ జన్యువులున్న కణమైతే దాన్ని తనే తయారుచేసుకుంటుంది. నీకోసం తొందరపడి నేను కడుపునిండా పెట్టాను. పాత్ర నురగలు కక్కుతూ పొంగితే మురిసిపోయాను. పరీక్ష చేస్తే మందు ఆనవాలే లేదు. మోస్తున్న జన్యువులను వదిలేసి హాయిగా పెరిగిపోయింది.

"బాగా కనిపించే పాత్రనే ముందు అనుమానించాలమ్మాయ్," అంది మేడమ్.

మంచులో దాచిన పాత ఈస్ట్ ఉంది, మళ్ళీ మొదలుపెడతాం. నేను చెప్పలేక నలిగిపోతున్నది ఇది కాదు. అంతా సవ్యంగా జరిగినా ఈ మందు నీదాకా వచ్చేది కాదు. పరీక్షలన్నీ దాటి మనుషులకి ఇవ్వడానికి ఏళ్ళు పడుతుంది. నాకిది మొదటినుంచీ తెలుసు. "నా డాక్టరువి నువ్వే" అని నువ్వు రాసినప్పుడల్లా చెప్పడానికి నోరు రాలేదు. నీ ఆశ చూసి నేనూ నమ్మడం మొదలుపెట్టాను.

ఈ మందు ఎప్పటికో ఎవరికో దక్కుతుంది. నీకు కాదు. ఆపరేషన్‌కి ఒప్పుకో. నామీద అలగాలంటే కోలుకున్నాక అలుగు, ఎన్నాళ్ళైనా బతిమాలతాను. సెలవు పెట్టాను, బయలుదేరుతున్నాను. నేను వచ్చేసరికి నువ్వు ఆసుపత్రి మంచం మీద ఉండాలి, గుమ్మంలో నాకోసం ఎదురుచూస్తూ కాదు.

ఇట్లు,
నిన్ను ఇన్నాళ్ళూ ఆగనిచ్చిన
నీ చెల్లెలు