మధ్యలో నిమ్మకాయ

సుజాతా,

నువ్వు పోయాక ఇవాళే మొదటిసారి ఇంటర్ పిల్లలకి సమన్వయ సంఖ్య పాఠం చెప్పాను. ఎప్పట్లాగే స్ఫటికంలో పరమాణువుల్లా నిమ్మకాయలు పేర్చాను. ఈసారి ఒంగోలు బజార్లో నేనే ఏరుకున్నాను, ఒకే సైజువి దొరకలేదు. మధ్యకాయని తాకేవి లెక్కపెట్టమంటే ఓ పిల్ల పదమూడంది.

"మధ్యదాన్ని కలపకూడదమ్మా. చుట్టూ తాకేవే లెక్క, పన్నెండు."

"మధ్యది తీసేస్తే కూలిపోద్దా సార్?"

"స్ఫటికంలో కూలదు. ఆ చోటు ఖాళీగా ఉండిపోతుంది. చుట్టూ ఉన్నవాటికి తలా ఒక తోడు తగ్గుతుంది, అంతే."

పాఠమయ్యాక ఆ కాయలతో నువ్వు ఊరగాయ పెట్టేదానివి. ఇవాళా అలవాటుగా సంచితో వంటింటి గుమ్మం దాకా వచ్చి, "కాయలు తెచ్చానే!" అని కేకేశాను.

సంచి గుమ్మంలోనే ఉంది. కాయలు ఎండిపోతాయి.