కడిగేసిన సాక్ష్యం

మార్చి 14, గురువారం

పిచ్చుకా,

మీ అమ్మమ్మ ఆశీస్సులు. నీ పరీక్ష రిపోర్టు, డాక్టరమ్మ రాసిన మాత్రల చీటీ ఇవాళ పొద్దున నా చిరునామాకు వచ్చాయి. రెండూ ఇందులో పెడుతున్నాను. ఫోన్‌లో ఈ మాట ఎత్తితే నీకు వెంటనే సిగ్నల్ పోతుంది కాబట్టి కాగితం మీద రాస్తున్నాను.

నీకున్నది ఫంగస్ కాదు. యోనిలో ఉండవలసిన మంచి బాక్టీరియా తగ్గి, వేరేవి పెరిగాయి. ఏడాదిగా మందుల షాపులో అడిగి తెచ్చుకున్న క్రీము దీనికి పనిచేయదు.

మరి ఇదివరకటి పరీక్షల్లో ఏమీ ఎందుకు తేలలేదు? పోయిన వారం డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరే ముందు, లోపల కడుక్కునే ఆ సువాసన ద్రవం సీసా పట్టుకుని స్నానాల గదికి నడిచావు చూడు, అందుకే.

"ఇలాగే వెళ్తే డాక్టరమ్మ ఏమనుకుంటుంది అమ్మమ్మా?"

"జబ్బు ఉందనుకుంటుంది. అందుకేగా వెళ్తున్నాం," అని సీసా లాక్కున్నాను. దారి పొడవునా మూతి ముడుచుకున్నావు. ఆ సంగతి చెబితే డాక్టరమ్మ నవ్వింది. "ఇన్నిసార్లూ సాక్ష్యం కడిగేసి వెళ్లి, దొంగను పట్టుకోమన్నావా తల్లీ?" ఇది శుభ్రం తక్కువై వచ్చింది కాదని, లోపల కడిగితే మంచి బాక్టీరియా కూడా పోతుందని ఆవిడే చెప్పింది. చుట్టాలు వస్తారంటే చీపురును కూడా కడిగే వంశం మనది. ఎవరిననాలి?

ఇక అసలు సంగతి. ఈ జబ్బు వాసన మీ ఆయనకు తగలకూడదని మూడు నెలలుగా వేరే గదిలో పడుకుంటున్నావు. ఇలా బతికేకంటే విడిపోవడమే మేలన్నావు. జబ్బేమిటో తెలియకుండా తీర్పు చెప్పకూడదని అప్పుడు ఊరుకున్నాను.

నిన్న మీ ఆయన ఫోన్ చేశాడు. "అమ్మమ్మగారూ, గురక తగ్గే ఉపాయం ఏమైనా ఉందా? నా గురక భరించలేకే తను గది మారింది. వెల్లకిలా తిరగకుండా వీపుకు బంతి కట్టుకుని పడుకుంటున్నానండీ. అయినా రావడం లేదు."

నవ్వు వినపడకుండా ఫోను దూరంగా పట్టుకున్నాను. నీ సంగతి మాత్రం చెప్పలేదు. అది నువ్వు చెప్పవలసింది.

కింద రాసినవాటి మీద వాదన ఉండకూడదని సంతకం ముందే పెడుతున్నాను.

మీ అమ్మమ్మ

ఇక జరగవలసినవి:

1. మాత్రలు చివరిదాకా వాడాలి. తగ్గిందని మధ్యలో ఆపితే ఊరుకోను.
2. ఆ సీసా చెత్తబుట్టలోకి పోవాలి. లోపల కడగవద్దు, బయట మామూలు నీళ్లు చాలు.
3. ఇది మళ్లీ రావచ్చట. వస్తే క్రీము కొనకు, ఏమీ రాయకుండా, లోపల కడగకుండా డాక్టరమ్మ దగ్గరికి వెళ్లు. ఎక్కువకాలం వాడే మందు కూడా ఉందట.
4. ఇది అందిన రోజే అతనికి ఉన్నదున్నట్టు చెప్పు. నోరు రాకపోతే ఈ ఉత్తరం చేతిలో పెట్టు.
5. అతని వీపు మీది బంతి నువ్వే విప్పాలి.