గట్టిపడని ఇసుక

చమురు బావుల భద్రతా విభాగపు ముఖ్య అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పదకొండవ నంబరు బావి ప్రమాదముపై తమ కార్యాలయము వెలువరించిన నివేదికలో పద్నాలుగవ పేరా తప్పు అనియు, అసలు తప్పు చేసినవాడు ఈ అర్జీదారుడే అనియు తెలియజేసుకొనుట గురించి.

సూచిక: ఇదే విషయమై ఇంతకు మునుపు నేను పెట్టుకొన్న రెండు అర్జీలు. రెండింటికీ జవాబు లేదు.

తమతో సవినయముగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. నేను సదరు బావి వద్ద తొమ్మిదేళ్ళుగా ఇసుక పరీక్షకుడిగా పనిచేయుచున్నాను. సైట్లో నన్ను అందరూ జిగురు అని పిలుస్తారు. తమరు బదిలీపై కొత్తగా వచ్చినారని విన్నాను గనుక నా పని ఏమిటో క్లుప్తంగా చెప్పుకొంటాను. భూమి లోపలి రాయిని నీటి ఒత్తిడితో పగలగొడతారు. ఆ పగుళ్ళు మళ్ళీ మూసుకుపోకుండా వాటిలోకి ఇసుక పంపుతారు. ఇసుక అక్కడే నిలబడితే దాని సందుల్లోంచి చమురు పైకి వస్తుంది. నిలబడకపోతే చమురుతో పాటు ఇసుకా వస్తుంది. అలా రాకుండా, చివర పంపే ఇసుకకు జిగురు పూత పూస్తాము. రేణువుకు రేణువు అంటుకొని రాయిలా అయ్యేదాకా బావిని మూసి ఉంచాలి. అయిందో లేదో లోపలికి దిగి చూసినవాడు లేడు. అందుకని అదే ఇసుకను మూడు గాజు గొట్టాల్లో పోసి, బావి అడుగున ఎంత వేడి ఉంటుందో అంత వేడి నీళ్ళల్లో పెడతాము. గొట్టంలో గట్టిపడితే లోపలా గట్టిపడినట్టే. ఆ మాట లాగ్‌బుక్కులో రాసి సంతకం పెట్టేవాడిని నేను. ఆ సంతకం లేకుండా బావి తెరవరు.

2. సదరు బావి వద్ద వాల్వు ఆపరేటరుగా పనిచేసిన వ్యక్తి నాకు స్వయానా బావ, అనగా మా అక్క భర్త. నన్ను ఈ పనిలో పెట్టించినది ఆయనే. మొదటి రోజు నా హెల్మెట్ పట్టీ బిగిస్తూ, "నువ్వు సంతకం పెట్టాకే నేను వాల్వు ముట్టుకుంటాను. నేను గొట్టాలు చూడను, నీ సంతకమే చూస్తాను" అన్నారు. పట్టీ మరీ బిగుతుగా ఉందని చెప్పాను. అలాగే ఉండాలన్నారు.

3. ప్రమాదము జరిగిన నాడు ఇసుక పంపడం ఉదయం ఆరు గంటలకు పూర్తయినది. అది లోతు తక్కువ బావి. అడుగున వేడి అంతంతమాత్రం. జిగురు పట్టడానికి ఇరవై గంటలకు తక్కువ కాదని నాకు తెలుసు. పన్నెండు గంటలకు మొదటి గొట్టం పగలగొట్టి చూశాను. తడిసిన పంచదారలా ఉంది. మూడు గంటలకు సైటు ఇంజినీరు గారు నా గదిలోకి వచ్చారు. పంపు లారీలు సాయంత్రానికి ఇంకో సైటుకు బయలుదేరాలి. ఇక్కడ బావి తెరిచి చూసుకుంటే గానీ వాటిని వదలరు. ఆయన కూర్చోలేదు.

"అయిందా?" అన్నారు.

"లేదు సార్. ఇంకా పదకొండు గంటలైనా ఉంచాలి."

"ఏదీ, చూపించు."

రెండో గొట్టం ఆయన ఎదుటే పగలగొట్టాను. ఇసుక కడ్డీలా బయటికి వచ్చి బల్ల మీద నిలబడింది. బొటనవేలితో నొక్కితే అంచు రాలింది.

"నిలబడింది కదయ్యా."

"నొక్కితే రాలుతోంది సార్."

"లోపల చుట్టూ రాయి పట్టుకుని ఉంటుంది. గాజులో కన్నా అక్కడే ముందు పడుతుంది. ఇంకెంతసేపు చూస్తాం?"

ఆయన నన్ను బెదిరించలేదు. గొంతు కూడా పెంచలేదు. ఈ సంగతి తమరు ముఖ్యముగా గమనించ ప్రార్థన. పెన్ను మూత తీసి నా ముందు పెట్టి, ఫోన్ మాట్లాడుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్ళారు, అంతే. "నమూనా గట్టిపడినది" అని రాసి సంతకం పెట్టాను. ఎందుకు పెట్టావని తమరు అడుగుతారు. తొమ్మిదేళ్ళలో అంతకు ముందు రెండుసార్లు ఇలాగే పెట్టాను. రెండుసార్లూ ఏమీ కాలేదు. కారణం అంటూ ఏదైనా ఉంటే అదే.

4. పుస్తకం నేనే తీసుకెళ్ళి బావకు చూపించాను. ఆయన తేదీ చూశారు, సంతకం చూశారు. "మధ్యాహ్నం ఏమైనా తిన్నావా?" అని అడిగారు. తిన్నానన్నాను. తరువాత వాల్వు చక్రం మీద చెయ్యి వేశారు. నేను నలభై అడుగుల దూరంలో, నా గది మెట్ల మీద నిలబడి చూశాను. ఆయన పావు మలుపు తిప్పి, చేతి గడియారం చూసుకొని, పదిహేను నిమిషాలు ఆగి, మళ్ళీ పావు మలుపు తిప్పారు. రెండు గంటల్లో మొత్తం రెండు మలుపులు. మిగతావాళ్ళు ఎవరి పనిలో వాళ్ళు ఉన్నారు గనుక దీనికి నేనొక్కడినే సాక్షిని. ఐదూ పది ప్రాంతంలో పైపులో జల్లెడ పడుతున్నట్టు చప్పుడు మొదలయింది. ఇసుక తిరిగి వస్తే అలాగే వినపడుతుంది. నేనూ విన్నాను, ఆయనా విన్నారు. "ఇసుక వస్తోంది, అందరూ వెనక్కి పొండి" అని అరిచి, తాను మాత్రం ముందుకు వంగి వాల్వు మూయసాగారు. ఇంకో అర మలుపు మిగిలి ఉండగా పైపు వంపు దగ్గర ఇసుక రాపిడికి ఇనుము కోసుకుపోయింది. ఆ వంపు ఆయన ముఖానికి ఎదురుగా ఉంది. రక్షణ కళ్ళద్దాలు పెట్టుకొనే ఉన్నారు. ఆ ఒత్తిడికి అవి ఆగేవి కావు. మిగతావాళ్ళందరూ ఆయన మాట విని వెనక్కి వెళ్ళినందున మరెవ్వరికీ దెబ్బ తగలలేదు. నేను మెట్లు దిగలేదు. వేరేవాళ్ళు పరిగెత్తారు.

5. ఆసుపత్రిలో డాక్టరమ్మ గారు చిన్న స్టీలు గిన్నె తెచ్చి చూపించారు. అందులో ఆయన కళ్ళల్లోంచి తీసిన తేనెరంగు రేణువులు.

"ఇదేం ఇసుకండీ, జిడ్డుగా ఉంది?"

"పూత పూసిన ఇసుకండి."

"ఎవరు పూస్తారు?"

"నేనేనండి."

గిన్నెలో రేణువులు దేనికది విడివిడిగా ఉన్నాయి. ఎడమ కన్ను ఆ రోజే పోయినది. కుడి కన్ను పన్నెండు రోజుల తరువాత పోయినది. నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. ఇది అర్జీలో రాయదగిన విషయము కాదని తెలుసు.

6. సదరు నివేదికలో, "వాల్వు ఆపరేటరు వాల్వును అజాగ్రత్తగా, ఆకస్మికముగా తెరచుటయే ప్రమాదమునకు ఏకైక కారణము" అని ఉన్నది. విచారణవారిని నేను తప్పు పట్టుట లేదు. లాగ్‌బుక్కులో నా సంతకం ఉన్నది. ఇసుక గట్టిపడినదని నమ్మినారు. ఇసుక గట్టిపడిందంటే ఇక మిగిలింది వాల్వే. నివేదిక కాపీ రిజిస్టరు పోస్టులో ఇంటికి వచ్చినది. అక్క చదివి వినిపించినది. ఆయనకు ఆ రోజు భోజనం వరకే గుర్తుంది. ఆ తరువాత గుర్తున్నది ఆసుపత్రి వాసన. మధ్యలో ఏమీ లేదు. అందుచేత కాగితంలో ఉన్నదే జరిగిందని నమ్మారు.

నేను రోజూ సాయంత్రం వెళ్ళి ఆయనకు పేపరు చదివి వినిపిస్తాను. ఆయన వింటూ కుర్చీ చేతి మీద అరచెయ్యి పెట్టి మెల్లగా తిప్పుతుంటారు.

"నేను తొందరపడే మనిషినేనంటావా?" అని అడిగారొకసారి.

"వదిలెయ్ బావా."

"పద్దెనిమిదేళ్ళలో ఎప్పుడూ తొందరపడలేదు. ఆ ఒక్కరోజు ఏమొచ్చిందో. నీకేమైనా గుర్తుందా? నువ్వక్కడే ఉన్నావుగా."

"నేను గదిలో ఉన్నాను."

అయ్యా, నేను గదిలో లేను. పై నాలుగవ అంశములో మనవి చేసుకొన్నట్లు మెట్ల మీద ఉన్నాను. ఆ మాట అన్న తరువాత ఆటల పేజీ తీసి చదివాను.

మొన్నొక రోజు మధ్యాహ్నమే వెళ్ళాను. ఆయన నిద్రపోతున్నారు. అక్క కళ్ళు మూసుకొని, చేతులు ముందుకు చాచి, ఇల్లంతా నడుస్తున్నది. వంటింటి గడప కాలి వేలికి తగిలింది. కళ్ళు తెరవకుండానే వంగి గడపను తడిమింది.

"ఎవరూ?" అంది.

"నేనే అక్కా. ఏం చేస్తున్నావు?"

"మీ బావకి ఎక్కడెక్కడ తగులుతుందో చూస్తున్నానురా. దీనికేదైనా గుడ్డ చుట్టాలి."

ఇద్దరం కూర్చొని పాత దుప్పటి చింపి గడపకు చుట్టాము. ఆ పని జరుగుతున్నంతసేపూ చెప్పేద్దామనుకున్నాను. దుప్పటి అయిపోయింది, లేచి చేతులు కడుక్కున్నాను.

7. నా మొదటి అర్జీ విషయమై తమ కార్యాలయపు గుమాస్తా గారిని కలిసితిని.

"ఎవరి మీదయ్యా ఫిర్యాదు?" అన్నారు.

"నా మీదేనండి."

"చేసేదెవరు?"

"నేనేనండి."

"రెండు గళ్ళల్లో ఒకే మనిషిని రాస్తే కంప్యూటర్ తీసుకోదు. ఇంకెవరినైనా తీసుకురా."

ఇంకెవరికీ తెలియదని చెప్పితిని. తెలియనప్పుడు నీకెందుకయ్యా బాధ అన్నారు. రెండవసారి రుజువు పట్టుకెళ్ళాను. ఆనాటి మూడవ గొట్టం వేడి నీళ్ళల్లో అలాగే మరచిపోయి ఉండినది. మర్నాడు తీసి చూస్తే ఇసుక రాయిలా ఉంది, సుత్తితో కొట్టినా పగల్లేదు. జిగురులో లోపం లేదు, ఇసుకలో లోపం లేదు, కావలసింది వ్యవధి మాత్రమేనని అనడానికి అంతకన్నా సాక్ష్యం లేదు. గుమాస్తా గారు దాన్ని అటూ ఇటూ తిప్పి, "బాగుందయ్యా. కానీ దీనికి కన్నం పెట్టి ఫైల్లో ఎలా కుట్టమంటావు?" అని, కాగితాలు ఎగరకుండా బల్ల మీద పెట్టుకొన్నారు. అక్కడే ఉన్నది. తమరు ఆ గదికి వెళ్ళినప్పుడు చూడవచ్చును.

సైటు ఇంజినీరు గారికి కూడా చెప్పాను. "కాగితం మీద నీ సంతకమే ఉంది, నా మాట ఎక్కడుంది? ఊరుకో, అందరికీ మంచిది" అన్నారు. ఆయన మాట ఎక్కడా లేదన్నది నిజమే.

8. కావున తమరు దయతో:

(అ) పద్నాలుగవ పేరా కొట్టివేయించి, "నమూనా గట్టిపడకుండానే గట్టిపడినదని పరీక్షకుడు సంతకము చేసెను, వాల్వు ఆపరేటరు సక్రమముగానే తెరచెను, ప్రమాద సమయమున ఆయన వాల్వును మూయుచుండెను" అని రాయించవలెను.

(ఆ) నా పరీక్షకుడి ధ్రువపత్రము రద్దు చేయవలెను. అంతకు ముందు రెండుసార్లు పెట్టిన సంతకముల బావులు ఏవో అడిగితే చెప్పగలను. అక్కడ మనుషులు పనిచేయుచున్నారు.

(ఇ) సవరించిన కాగితము ముద్రతో సహా ఆయన ఇంటికి రిజిస్టరు పోస్టులో పంపించవలెను. మొదటిది అలాగే వచ్చినది గనుక ఇదీ అలాగే రావలెను.

నాకు ఏ శిక్ష వేయవలెననునది తమ చిత్తము. ఆ విషయమై నేను ఏమీ కోరుట లేదు, వద్దనుటయు లేదు.

ఇందులో ఉన్నది యావత్తూ నేను కళ్ళారా చూసినది, చేతులారా చేసినది. తమరు చిత్తగించవలెను.

ఈసారి చూసి సంతకము పెట్టిన,
తమ విధేయుడు,
ఇసుక పరీక్షకుడు, పదకొండవ నంబరు బావి.

తా.క.: ఈ అర్జీని రేపు ఉదయం నేనే తెచ్చి ఇచ్చుకొంటాను. దీని తరువాత జరిగినది కూడా రాయక తప్పదు.

ఈ సాయంత్రం పేపరుతో పాటు ఈ కాగితాలు కూడా నా చేతిలో ఉన్నవి. బావ తల ఇటు తిప్పి, "అది పేపరు చప్పుడు కాదే. ఏంటది?" అన్నారు.

"అర్జీ."

"ఎవరికి?"

చెప్పాను.

"చదువు."

మొదటి నుండి చదివాను. నాలుగవ అంశం దగ్గర ఆపి, మళ్ళీ చదవమన్నారు. చదివాను.

"పావు మలుపేనా?"

"పావు మలుపే బావా."

"ఆగానా?"

"ప్రతిసారీ ఆగావు. గడియారం చూసుకున్నావు."

"చివర్లో మూస్తున్నానా?"

"ఇంకో అర మలుపు ఉంది."

ఆరవ అంశం చదువుతుండగా అక్క లేచి వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడు వచ్చింది. గిన్నెల చప్పుడు రాలేదు. నీళ్ళు అలా పోతూనే ఉన్నాయి. మిగతాది ఆ చప్పుడు మీదే చదివాను.

అంతా విని ఆయన కుర్చీ చేతి మీద అరచెయ్యి తిప్పడం ఆపారు.

"ఐదు నెలలు," అన్నారు చివరికి.

"ఆఁ."

"రోజూ వచ్చావు. పేపరు మొత్తం చదివావు. వాతావరణం కూడా చదివావు."

"ఆఁ."

కాగితాలు ఇమ్మని చెయ్యి చాచారు. వెనక వైపు వేళ్ళతో తడిమి, "నొక్కి రాశావు" అన్నారు. నాలుగవ పేజీ మూల నలిగినది అందువల్లనే; మన్నించగలరు. తిరిగి ఇస్తూ, "తీసుకెళ్ళి ఇచ్చెయ్. రేపు రావొద్దు" అన్నారు. సరే అన్నాను.

చెప్పులు వేసుకుంటుండగా అక్క గుమ్మం దగ్గరికి వచ్చింది. నా వైపు చూడలేదు. "మీ బావ ఎల్లుండి రమ్మంటున్నారు" అంది.

కావున విచారణ నిమిత్తము తమరు నన్ను పిలిపించదలచినచో ఏ రోజు, ఏ వేళ అయినను హాజరు కాగలవాడను. ఎల్లుండి, అనగా గురువారం సాయంత్రం ఒక్కటి మినహాయించ ప్రార్థన.